అలవాటైపోతుందిలే అంటారు

వార్డులో మొదటిసారి ఒక పేషెంట్ పోయిన రోజు నర్సింగ్ విద్యార్థికి అందరూ చెప్పే మాట ఒకటే. సీనియర్ అక్క చెబుతుంది, వార్డు సిస్టర్ చెబుతుంది, ఫోన్లో అమ్మా అదే చెబుతుంది: ‘మొదట్లో అలాగే ఉంటుంది, పోనుపోనూ అలవాటైపోతుందిలే.’ ప్రేమతో చెప్పే మాటే. కానీ పంతొమ్మిదేళ్ల పిల్ల చెవికి అది వేరేలా చేరుతుంది. ఏడుపొస్తోందంటే తనకింకా పని రాలేదని, ఏడుపు రాని రోజున తాను నర్సు అయినట్టని అనుకుంటుంది. ఇక అప్పటినుంచి రాటుదేలే పనిలో పడుతుంది. పరిస్థితి బాగాలేని బెడ్ వైపు వెళ్లడం తగ్గిస్తుంది. వెళ్లినా డ్రిప్ చూసి, చార్టు రాసి వచ్చేస్తుంది. పేషెంటు మొహం చూడదు.

చావులు చూసి చూసి మనసు బండబారడం వల్ల ఏ నర్సూ నిలదొక్కుకోదు. ఆ మంచం దగ్గర చెయ్యాల్సిన పని ఏమిటో తెలియాలి, చేసి వచ్చాక చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి. మొదటిది నేర్చుకుంటే వస్తుంది. రెండోది అడిగి తెచ్చుకోవాలి, మన కాలేజీల్లో అది దానంతటది దొరకదు.

‘ఇక చెయ్యడానికేం లేదు’

రౌండ్స్‌లో డాక్టరు గారు ఇంటివాళ్లకి ఈ మాట చెప్పి పక్క బెడ్‌కి వెళ్లిపోతారు. ఆయన చెప్పింది మందుల సంగతి, ఆపరేషన్ల సంగతి. నర్సు పని అక్కడ ఆగదు, పెరుగుతుంది. మొదటి ఏడాది ఫౌండేషన్స్ పేపర్ కోసం వర్జీనియా హెండర్సన్ నిర్వచనం బట్టీ పట్టే ఉంటారు. ఆరోగ్యానికీ, కోలుకోవడానికీ సాయపడటంతో పాటు ప్రశాంతమైన మరణానికి సాయపడటాన్ని కూడా ఆవిడ అందులో చేర్చింది. ఆ ముక్క మార్కుల కోసం పెట్టింది కాదు.

నయం చెయ్యలేని చోట నర్సు ఏం చెయ్యగలదో చూడాలంటే ముంబయి కేఈఎం ఆసుపత్రి గుర్తు చేసుకోండి. అక్కడే నర్సుగా పనిచేస్తున్న అరుణా శాన్‌బాగ్ 1973 నవంబరులో దాడికి గురై, మళ్లీ మామూలు మనిషి కాలేదు. 2015 మేలో పోయేదాకా దాదాపు 42 ఏళ్లు ఆ ఆసుపత్రి నర్సులే ఆమెకి తినిపించారు, ఒళ్లు తుడిచారు, పక్కకి తిప్పి పడుకోబెట్టారు. పాతవాళ్లు రిటైరైతే కొత్తవాళ్లు అందుకున్నారు. ఆమె ఒంటి మీద ఒక్క బెడ్ సోర్ కూడా లేదన్న సంగతి 2011లో సుప్రీంకోర్టు ముందుకి కూడా వెళ్లింది.

చివరి గంటల్లో ఏమేం కనబడతాయో ముందే తెలిసి ఉంటే చెయ్యి వణకడం తగ్గుతుంది. పాదాలు, మోకాళ్లు చల్లబడి చర్మం మీద ఊదారంగు మరకలు తేలతాయి. ఊపిరి కాసేపు లోతుగా, జోరుగా నడిచి, పలచబడి, ఆగిపోతుంది. అయిపోయిందనుకుని మీరు గడియారం చూసేలోపు మళ్లీ మొదలవుతుంది. చేన్-స్టోక్స్ అని పుస్తకంలో చదివింది ఇదే. గొంతులో గురగుర వినిపిస్తుంది. ఇంటివాళ్లు తట్టుకోలేనిది ఎక్కువగా ఈ చప్పుడునే, ఊపిరాడక కొట్టుకుంటున్నాడనుకుని ‘సక్షన్ పెట్టండి సిస్టర్’ అని వెంటపడతారు. మింగే శక్తి పోయాక గొంతులో చేరిన తడిలోంచి గాలి వెళ్తున్న చప్పుడది. స్పృహలో లేని మనిషికి అది మనకి వినిపించినంత బాధ కాదని పాలియేటివ్ వైద్యులు అంటారు. పక్కకి ఒత్తిగిలబెట్టి, తల కొంచెం ఎత్తు చేస్తే చాలాసార్లు తగ్గుతుంది. లోతుగా సక్షన్ పెడితే సుఖం కన్నా బాధే ఎక్కువ. అవసరమైతే మందు డాక్టరు రాస్తారు.

నోటితో ఊపిరి తీసీ తీసీ నాలుక అట్టకట్టి ఉంటుంది. తడి గాజుగుడ్డతో నాలుక, చిగుళ్లు, బుగ్గల లోపలి భాగం మెల్లగా తుడవండి. పెదాలు ఎండిపోకుండా చూడండి. విద్యార్థికి ఎవరి ఆర్డరూ అక్కర్లేకుండా, పూర్తిగా తన చేతిలో ఉన్న పని ఇది. చేసి చూడండి. తుడవడం అయ్యాక మంచం పక్కన కూర్చున్న కూతురు మీ వైపు చూసే చూపు మారుతుంది.

ఆ సమయంలోనే ఇంటివాళ్లు సంచీలోంచి చిన్న సీసా తీస్తారు. గంగాజలమో తులసి తీర్థమో. కేస్ షీట్‌లో నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని ఉంటుంది. ఇక్కడ గొంతు పెంచిన సిస్టర్లనీ చూశాను, చూడనట్టు మొహం తిప్పుకున్నవాళ్లనీ చూశాను. రెండూ అక్కర్లేదు. చెంచాతో పోస్తే పొలమారుతుంది కాబట్టి, దూది ముంచి పెదాలు తడపడం చూపించి, ఆ దూది కొడుకు చేతికే ఇవ్వండి. పేషెంటుకి ప్రమాదం లేదు, ఆ ఇంటి తీర్థమూ అందుతుంది. ముస్లిం కుటుంబం మొహం ఖిబ్లా వైపు ఉండేలా తిప్పమని అడగవచ్చు. మంచం కదలకపోయినా మనిషిని ఆ వైపు ఒత్తిగిలబెట్టగలమేమో చూడండి. పాస్టర్ గారు వస్తే స్క్రీన్ అడ్డం లాగి, ప్రార్థన అయ్యేదాకా బీపీ మెషీన్‌తో లోపలికి వెళ్లకండి. మీ మతం ఏదైనా, ఆ కాసేపు వాళ్ల పద్ధతికి చోటివ్వడం మీ పనిలో భాగమే.

ఇంకో సంగతి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక హాస్పీస్‌లోని రోగులకి ఈఈజీ తీసి 2020లో ఫలితాలు ప్రచురించారు. స్పృహ లేని స్థితిలో, చివరి గంటల్లో ఉన్న కొందరి మెదళ్లు అప్పటికీ శబ్దాలకి స్పందించాయి. విన్నది వాళ్లకి అర్థమైందో లేదో ఆ అధ్యయనం చెప్పలేదు. అయినా మనకి అది చాలు. ‘తాతా, పక్కకి తిప్పుతున్నాం’ అని చెప్పి తిప్పండి. మెస్ బిల్లు కబుర్లు ఆ మంచం మీదుగా వద్దు.

‘ఎలా ఉందమ్మా మా ఆయనకి?’

డాక్టర్ని అడగడానికి జంకేవాళ్లు విద్యార్థిని అడుగుతారు. యూనిఫాం ఉంది, మొహం మెత్తగా ఉంది. ఆ క్షణంలో నోట్లోంచి వచ్చేసే జవాబు ‘ఏం కాదు పెద్దమ్మా, తగ్గిపోతుంది’. తెల్లారేసరికి ఆయన పోతే ఆ మాట ఆవిడకీ గుర్తుంటుంది, మీకూ గుర్తుంటుంది. చాలామంది విద్యార్థులని రోజుల తరబడి తినేసేది చావు కన్నా ఈ అబద్ధమే.

కబురు చెప్పడం డాక్టరు బాధ్యత, విద్యార్థి దాన్ని భుజానికెత్తుకోకూడదు. కానీ తప్పించుకోవడానికీ అబద్ధానికీ మధ్య చోటుంది. ‘ఒంట్లో బాగా నీరసించిపోయారు పెద్దమ్మా. డాక్టర్ గారిని మీతో మాట్లాడమని ఇప్పుడే అడుగుతాను. మీరు ఇటు వచ్చి కూర్చోండి, చెయ్యి పట్టుకోండి.’ ఇందులో అబద్ధం లేదు, ఆవిడకి చెయ్యడానికి ఒక పని దొరికింది. తర్వాత నిజంగానే వెళ్లి డాక్టర్ని అడగండి. ఇంట్లో ఇంకా రావాల్సినవాళ్లు ఉన్నారేమో కనుక్కోండి. దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకుతో వీడియో కాల్ కలపడానికి ఫోను పట్టుకు నిలబడటం మన వార్డుల్లో ఇవాళ నర్సు పనుల్లో ఒకటి.

‘ఇంటికి తీసుకెళ్లిపోతాం’ అనే కుటుంబాలూ ఉంటాయి. సొంత ఇంట్లో, సొంత మంచం మీద పోవాలన్న కోరిక మన ఊళ్లలో ఇంకా బలంగా ఉంది. కేస్ షీట్‌లో అది ‘వైద్య సలహాకు విరుద్ధంగా’ అని నమోదవుతుంది, వార్డులో కొందరు ఆ కుటుంబాన్ని ముద్దాయిల్లా చూస్తారు. మీరు అలా చూడకండి. మందులు ఎలా ఇవ్వాలో, ఎలా పక్కకి తిప్పాలో, నోరు ఎలా తడపాలో వెళ్లేముందు చూపించండి.

ఏడుపొస్తే? రానివ్వండి. నేను విద్యార్థులకి చెప్పే హద్దు ఒక్కటే: ఇంటివాళ్లు లేచి మిమ్మల్ని ఓదార్చే పరిస్థితి రాకూడదు. అంతదాకా వస్తోందనిపిస్తే పక్కన ఉన్నవాళ్లకి చెప్పి డ్యూటీ రూమ్‌కి వెళ్లి, మొహం కడుక్కుని రండి. కళ్లు తడైనంత మాత్రాన ఏ కుటుంబమూ నర్సుని తప్పు పట్టగా నేను చూడలేదు.

చెయ్యి కింద విరిగిన ఎముక

సీపీఆర్‌లో మొదటిసారి నిలబడిన విద్యార్థిది వేరే బాధ. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు అని బొమ్మ మీద నేర్చుకున్నారు. బొమ్మకి పక్కటెముకలు విరగవు. ఎనభై ఏళ్ల ముసలాయన ఛాతీ మీద నొక్కుతున్నప్పుడు అరచేతి కింద టక్కుమంటుంది. ఆయన బతకరు. ఆ రాత్రి విద్యార్థికి గుర్తుండేది ఆ చప్పుడే: ‘నేనే విరగ్గొట్టాను.’

సరైన లోతులో నొక్కితే పెద్దవాళ్లలో ఎముకలు విరగడం మామూలు. విరుగుతుందేమోనని పైపైన నొక్కితే రక్తం మెదడుకి చేరదు. గుండె ఆగినవాళ్లలో సీపీఆర్ తర్వాత కోలుకుని ఇంటికి వెళ్లేవాళ్లు, మంచి ఆసుపత్రుల్లో కూడా, తక్కువమందే. సినిమాల్లో హీరో నాలుగు గుద్దులు గుద్దితే లేచి కూర్చుంటారు. మన విద్యార్థుల ఆశలు సగం అక్కడినుంచి వచ్చినవే.

అంతకన్నా తికమకపెట్టేది బ్రెయిన్ డెత్. బైక్ యాక్సిడెంటులో తలకి దెబ్బ తగిలి వచ్చిన కుర్రాడు, ఇంచుమించు మీ వయసే. ఛాతీ లేస్తోంది, మానిటర్ మీద గుండె కొట్టుకుంటోంది, చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. అతను చనిపోయాడంటున్నారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. మన రాష్ట్రాల్లో జీవన్‌దాన్ ద్వారా అవయవదానం జరిగే సందర్భాల్లో విద్యార్థులు ఇది దగ్గరినుంచి చూస్తారు. లేచే ఆ ఛాతీని లేపుతున్నది వెంటిలేటర్ అన్న సంగతి బుర్రకి తెలుసు, చేతికి తెలియదు. ఆ పరీక్షలు ఎలా చేస్తారో పక్కన నిలబడి చూడనివ్వమని అడగండి. కంటిపాప మీద వెలుగు వేసినా కదలిక లేకపోవడం, వెంటిలేటర్ తప్పించి చూసినప్పుడు ఛాతీ కదలకపోవడం కళ్లారా చూస్తే, ‘బతికుండగానే వదిలేశామేమో’ అన్న అనుమానం తర్వాత వెంటాడదు.

పోయిన తర్వాతి అరగంట

డాక్టరు నిర్ధారించి సమయం రాశాక మొదలయ్యే పని మీద విద్యార్థులకి ఉన్నంత భయం ఇంకెక్కడా ఉండదు. శరీరం గంటల్లోనే బిగుసుకోవడం మొదలవుతుంది, దవడ, కనురెప్పల లాంటి చిన్న కండరాల్లో ముందు తెలుస్తుంది. అందుకే కళ్లు మూయడం, కట్టుడు పళ్లుంటే పెట్టి నోరు దగ్గరికి తేవడం, కాళ్లు చేతులు చక్కగా సర్దడం వెంటనే చెయ్యాలి. రెప్పల మీద వేళ్లు మెత్తగా ఆనించి కొన్ని సెకన్లు ఉంచితే చాలు. పక్కకి తిప్పినప్పుడు ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి బయటికొచ్చి మూలిగినట్టు వినిపించవచ్చు. ముందే తెలియకపోతే జడుసుకుంటారు, అందుకని చెబుతున్నాను.

ఏది తీసే ముందైనా వార్డు సిస్టర్‌ని అడగండి. మెడికోలీగల్ కేసైతే ట్యూబులు, సూదులు ఎక్కడివక్కడే ఉండాలి, ఒళ్లు తుడవకూడదు, బట్టలు భద్రపరచాలి. కానప్పుడు మాత్రం శుభ్రంగా తుడిచి, తల దువ్వి, రక్తం మరకల దుప్పటి మార్చి, అప్పుడు ఇంటివాళ్లని లోపలికి పిలవండి. వాళ్లకి జీవితాంతం గుర్తుండే మొహం అది. నగలు, తాళి ఏవున్నాయో ఇద్దరి సాక్ష్యంతో రాసి అప్పగించండి. గాజులు తియ్యాలా వద్దా, స్నానం ఎవరు చేయిస్తారన్నది కుటుంబానికి వదిలెయ్యండి. ముస్లింలలో ఆ స్నానం సాధారణంగా వాళ్లవాళ్లే చేయిస్తారు.

అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేసిన జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు ఒక అలవాటు మొదలుపెట్టాడు. పేషెంటు పోయాక అక్కడున్న అందరూ చేతిలో పని ఆపి, ఒక నిమిషం లోపు మౌనంగా నిలబడతారు. ఆ అలవాటు తర్వాత చాలా ఆసుపత్రులకి పాకింది. మంచానికి ఇద్దరున్న మన జనరల్ వార్డుల్లో నిమిషం ఎక్కడ దొరుకుతుందంటారా? స్క్రీన్ లాగాక, గ్లవ్స్ వేసుకునేముందు ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు దొరుకుతుంది.

హాస్టల్‌కి వచ్చాక

అమ్మ ఫోన్లో మొదట అడిగేది ‘తలస్నానం చేశావా?’ అని. రూమ్మేట్ ఆ పూట మీ కంచం పక్కన కూర్చోవడానికి వెనకాడవచ్చు. మైల మీద మీకు నమ్మకం ఉందా లేదా అన్నది మీ ఇష్టం, స్నానం మాత్రం చెయ్యండి. యూనిఫాం విడిగా ఉతకడం ఎలాగూ ఇన్ఫెక్షన్ పాఠంలో ఉన్నదే. దానికి తోడు, డ్యూటీ ఎక్కడ అయిపోయిందో ఒంటికి తెలియాలి.

కాస్త తర్వాత క్యాంటీన్‌లో ఎవరో జోకేస్తే పడీ పడీ నవ్వుతారు. వెంటనే గుండెలో చివుక్కుమంటుంది: పొద్దున ఒక మనిషి పోయాడు, నేనిలా నవ్వుతున్నానేంటి? నర్సింగ్ పుస్తకాల్లో ఉన్న దుఃఖపు ఐదు దశలు ఇక్కడ సాయం రావు. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో వాటిని రాసింది ముఖ్యంగా తాము చనిపోబోతున్నామని తెలిసిన రోగులతో మాట్లాడి. అవి వరసగా రావాలనీ లేదు, అందరికీ అన్నీ రావాలనీ లేదు. మీ విషయంలో ఎక్కువ అక్కరకొచ్చేది మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు 1999లో ప్రతిపాదించిన నమూనా. బాధలో ఉన్న మనిషి కాసేపు ఆ బాధలోకి వెళ్తాడు, కాసేపు రోజువారీ పనుల్లోకి వస్తాడు, మళ్లీ వెళ్తాడు. ఈ రాకపోకలే తేరుకునే దారి అంటారు వాళ్లు. క్యాంటీన్‌లో నవ్వు వచ్చిందంటే రాకపోకలు సాగుతున్నాయన్నమాట.

రాత్రి పడుకున్నాక ఇంకో ప్రశ్న లేస్తుంది. సాయంత్రం ఆరింటి బీపీ సరిగ్గా చూశానా? ఊపిరి లెక్కపెట్టానా, అందాజుగా రాశానా? దీన్ని దిండు కింద పెట్టుకుని పడుకోవద్దు. మర్నాడు ట్యూటర్ దగ్గరికి వెళ్లి, ‘మేడమ్, ఆ కేస్ షీట్ ఒకసారి నాతో కలిసి చూస్తారా’ అని అడగండి. గంట గంటకీ ఏం జరిగిందో వరసగా చూస్తే, చాలాసార్లు మీ బీపీ రీడింగ్‌కీ ఆ చావుకీ సంబంధం లేదని తెలుస్తుంది. ఎప్పుడైనా నిజంగా ఒక లోపం బయటపడితే, అదీ మేడమ్ పక్కనుండగా బయటపడటమే మంచిది. ఒంటరిగా చీకట్లో చేసుకునే విచారణలో ముద్దాయికి ఎప్పుడూ శిక్షే పడుతుంది.

రాసుకునే అలవాటుంటే రాయండి. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం పేరున్నది: తమని కలచివేసిన సంగతి గురించి రోజుకి పావుగంట చొప్పున వరసగా నాలుగు రోజులు రాయడం. రాసిన రోజు కొంచెం బరువుగానే ఉంటుంది, మేలు తర్వాత తెలుస్తుంది. పేషెంటు పేరు, బెడ్ నంబరు రాయకండి. వాట్సాప్ స్టేటస్‌లో అసలే వద్దు. కొవ్వొత్తి బొమ్మ పెట్టి ‘మిస్ యూ తాతా’ అన్నా, ఆ వార్డులో ఆ రోజు పోయిన తాత ఎవరో తెలుసుకోవడం కష్టం కాదు.

మీ ఇంట్లోనే ఈ మధ్య ఎవరైనా పోయి ఉంటే సంగతి వేరు. కొవిడ్‌లో నాన్నని పోగొట్టుకున్న పిల్లకి, నాన్న వయసు పేషెంటుకి ఆక్సిజన్ మాస్క్ పెడుతున్నప్పుడు ఆ బెడ్ మీద ఇద్దరు కనిపిస్తారు. ఇది ముందే ట్యూటర్ చెవిన వెయ్యండి. పోస్టింగ్ మార్చమని అడగడం, కొన్నాళ్లు ఆ వార్డుకి దూరంగా ఉండడం చదువుకి ఎగనామం పెట్టడం కాదు. చెప్పకుండా సెలవు పెట్టి ఇంటికెళ్లిపోయేవాళ్లనే తిరిగి తీసుకురావడం కష్టం.

రెండు మూడు వారాలు దాటాక కూడా నిద్ర పట్టకపోయినా, ఆ దృశ్యం పిలవకుండానే కళ్ల ముందుకి వస్తున్నా, వార్డు తలుపు చూస్తే కడుపులో తిప్పుతున్నా, లేదా దేనికీ ఏమీ అనిపించకుండా పోయినా స్నేహితుల ఓదార్పు చాలదు. కాలేజీ కౌన్సిలర్‌నో మీ ఆసుపత్రిలోని సైకియాట్రీ ఓపీనో కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే వారాలు లెక్కపెట్టకండి, ఆ పూటే ఫోన్ చెయ్యండి.

ట్యూటర్లకి నాలుగు మాటలు. మొదటిసారి శవానికి చేసే పనులకి విద్యార్థిని ఒంటరిగా పంపకండి, ఒక స్టాఫ్ నర్సుని తోడివ్వండి. ఆ రోజు పోస్టింగ్ అయ్యాక ప్రొసీజర్ స్టెప్పులు అడిగేముందు ‘ఏం చూశావమ్మా’ అని అడగండి. పది నిమిషాలు చాలు. ఏడ్చిన పిల్లని అందరిముందూ ‘ఇలా అయితే ఎలా పనిచేస్తావ్’ అంటే, ఆ పిల్లతో పాటు చూస్తున్న మిగతా ముప్ఫైమంది కూడా మీకు ఇక ఏదీ చెప్పరు.

చివరగా ఒక సలహా, కోర్సు అయిపోయేలోపు కుదిరితే పాటించండి. కొన్ని రోజులైనా పాలియేటివ్ వార్డులో పోస్టింగ్ అడగండి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో అలాంటి విభాగం ఉంది. కేరళలో కోళికోడ్‌లో 1993లో మొదలైన పాలియేటివ్ కృషి ఊరూరికీ పాకింది. ఈ వైద్యానికి ఆధునిక రూపమిచ్చిన సిసిలీ సాండర్స్ మొదట నర్సే, డాక్టరైంది తర్వాత. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ తెరిచింది. అలాంటి చోట రౌండ్స్‌లో వినిపించే ప్రశ్నలు వేరు: నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత, రాత్రి నిద్ర పట్టిందా, విరేచనం సాఫీగా అయిందా. మార్ఫిన్ తీసుకునేవాళ్లకి మలబద్ధకం మామూలు కాబట్టి ఆ మూడో ప్రశ్న. నొప్పి తొమ్మిదని చెప్పి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, అది మూడుకి దిగితే లేచి కూర్చుని టీ అడుగుతాడు, మీది ఏ ఊరని వాకబు చేస్తాడు, మనవడి ఫోటో చూపిస్తాడు. ఆయన జబ్బు నయం కాదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు, మీకూ తెలుసు. పోస్టింగ్ కోసం మీ ప్రిన్సిపాల్‌కి లెటర్ పెట్టేటప్పుడు ఒక్కరి పేరుతో కాకుండా నలుగురైదుగురు కలిసి పెట్టండి, ఒప్పుకునే అవకాశం ఎక్కువ.